ర్యామ్ ధర ఎందుకు పెరిగింది? హెచ్‌బిఎం మెమరీ సంగతి, హైదరాబాద్ డిజైన్ నుంచి గొల్లపల్లి లాప్‌టాప్ దాకా

ఇంజనీరింగ్ సీటు వచ్చిన పిల్లలకు లాప్‌టాప్ కొనిద్దామని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల షాపులకు వెళ్లిన తల్లిదండ్రులకు 2025 చివరి నుంచి ఒకటే అనుభవం. నిరుడు పక్కింటి అబ్బాయి కొన్న మోడలే ఇప్పుడు అడిగితే ధర ఎక్కువ చెబుతున్నారు. పాత కంప్యూటర్‌కు ర్యామ్ ఒక్కటి మార్పిద్దామన్నా అదే మాట. షాపువాడు దోచుకుంటున్నాడని చాలామంది అనుకుంటున్నారు. ఎక్కడైనా అలాంటివాళ్లు ఉంటే ఉండొచ్చు గానీ, ఈసారి అసలు కారణం షాపులో లేదు. కొరియా, తైవాన్, జపాన్ ఫ్యాక్టరీల్లో ఉంది. ఆ కారణం పేరు హెచ్‌బిఎం. పూర్తి పేరు హై బ్యాండ్‌విడ్త్ మెమరీ.

గొల్లపల్లి మండలంలో మాకు తెలిసిన ఒక ఇంట్లో ఈ మాటే చర్చకు వచ్చింది. అబ్బాయికి 16 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్ కావాలి. దమ్మామ్‌లో పనిచేసే తండ్రి వాట్సాప్ కాల్‌లో అడిగాడు: "బేటా, 8 సరిపోదా?" అబ్బాయి "సరిపోదు అబ్బా" అన్నాడు గానీ ఎందుకో చెప్పలేకపోయాడు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. ముందు మెమరీ అంటే ఏమిటో తెలిస్తే ఆ లెక్క తేల్చుకోవచ్చు.

మెమరీ లోపల ఏముంటుంది

కంప్యూటర్‌లో లెక్కలు చేసేది ప్రాసెసర్. ఆ లెక్కలకు కావలసిన సమాచారం చేతికందే దూరంలో పెట్టుకునే చోటు ర్యామ్. కరెంటు పోతే అందులో ఉన్నదంతా పోతుంది. ఫోటోలు, ఫైళ్లు శాశ్వతంగా ఉండేది ఎస్‌ఎస్‌డీలోనో హార్డ్ డిస్క్‌లోనో. ఈ రెండింటినీ కలిపి "మెమరీ" అనడం వల్ల షాపుల్లో తికమక వస్తుంది. "512 మెమరీ ఉంది" అంటే అది ర్యామ్ కాదు, స్టోరేజీ.

ర్యామ్ చిప్‌లో ఒక్కో బిట్‌కు ఒక ట్రాన్సిస్టర్, ఒక చిన్న కెపాసిటర్ ఉంటాయి. కెపాసిటర్‌లో చార్జి ఉంటే 1, లేకపోతే 0. ఐబీఎం ఇంజనీర్ రాబర్ట్ డెనార్డ్‌కు ఈ ఆలోచన మీద 1968లో పేటెంట్ వచ్చింది. ఇంటెల్ 1970లో 1103 అనే చిప్ అమ్మకానికి తెచ్చింది. అందులో పట్టేది 1024 బిట్లు మాత్రమే. ఇప్పటి 16 జీబీ ర్యామ్‌లో 13 వేల కోట్లకు పైగా బిట్లు ఉంటాయి. కెపాసిటర్‌లో చార్జి కారిపోతూ ఉంటుంది కాబట్టి సెకనుకు ఎన్నోసార్లు మళ్లీ నింపుతూనే ఉండాలి. కుండకు కన్నం ఉంటే నీళ్లు పోస్తూనే ఉన్నట్టు.

ఈ కెపాసిటర్లు చిప్ మీద అడ్డంగా, నిలువుగా వరుసల్లో ఉంటాయి. అడ్డం తీగ, నిలువు తీగ కలిసిన చోట ఒక బిట్. సిరిసిల్ల సాంచెల మధ్య పెరిగినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. పడుగు, పేక ఎలాగో ఇదీ అలాగే. పోలిక అక్కడితో ఆగదు కూడా. చిప్‌లు రాకముందు కంప్యూటర్ మెమరీని నిజంగానే చేత్తో అల్లేవారు. చిన్న ఫెర్రైట్ ఉంగరాల గుండా సన్నని తీగలు దూర్చి నేసేవారు. చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో నౌకల కంప్యూటర్‌కు ప్రోగ్రామ్ మెమరీని అమెరికాలోని రేథియాన్ ఫ్యాక్టరీలో మహిళా కార్మికులు తీగలతో అల్లారు. వాళ్లలో బట్టల మిల్లుల్లో పనిచేసి వచ్చినవాళ్లు ఉన్నారు. మన దేశంలో ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్‌లో 1960లో పనిలోకి వచ్చిన టిఫ్రాక్ కంప్యూటర్‌కు కూడా ఫెర్రైట్ మెమరీయే, 2048 పదాలు పట్టేది. హైదరాబాద్ ఈసీఐఎల్ 1969లో టీడీసీ-12 తయారు చేసిన కాలం కూడా అదే.

వేగం అంటే రెండు రకాలు

"స్పీడ్ ర్యామ్" అని షాపులో అన్నప్పుడు రెండు వేర్వేరు విషయాలు కలిసిపోతాయి. ఒకటి, అడిగిన మొదటి బిట్ చేతికి రావడానికి పట్టే సమయం. రెండు, ఒక సెకనులో మొత్తం ఎంత సమాచారం వస్తుంది అనేది. జగిత్యాల నుంచి కోరుట్లకు జాతీయ రహదారి 63 మీద ఒక బస్సు ఎంతసేపట్లో చేరుతుందనేది మొదటిది. గంటలో మొత్తం ఎంతమంది ప్రయాణికులు చేరతారనేది రెండోది. గత ఇరవై ఏళ్లలో మెమరీ మొదటి విషయంలో పెద్దగా మారలేదు. రెండో విషయంలోనే ఏటేటా పెరుగుతూ వచ్చింది. ఆ రెండోదానికే బ్యాండ్‌విడ్త్ అని పేరు.

మామూలు కంప్యూటర్లలో వాడే డీడీఆర్4 ప్రమాణాన్ని జెడెక్ అనే పరిశ్రమ సంస్థ 2012లో ప్రకటించింది. డీడీఆర్5ను 2020 జులైలో ప్రకటించింది. డీడీఆర్4-3200 ర్యామ్ ఒక్కటి సెకనుకు 25.6 జీబీ ఇస్తుంది. డీడీఆర్5-4800 అయితే 38.4 జీబీ. వోల్టేజీ కూడా 1.2 నుంచి 1.1కి తగ్గింది. 2021 నవంబర్‌లో ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్లతో డీడీఆర్5 మార్కెట్‌లోకి వచ్చింది. ఏఎండీ 2022లో తెచ్చిన ఏఎం5 బోర్డులకు డీడీఆర్5 తప్ప ఇంకోటి పట్టదు.

ఈ రెండింటిలోనూ ప్రాసెసర్‌కు, ర్యామ్‌కు మధ్య సమాచారం నడిచే దారులు 64. వేగం పెంచాలంటే ఒక్కో దారిలో బళ్లను ఇంకా వేగంగా తోలాలి. దానికి ఒక హద్దు ఉంది. కరెంటు ఎక్కువ తాగుతుంది, సిగ్నల్ చెడిపోతుంది.

హెచ్‌బిఎం చేసిన పని వేరు

హెచ్‌బిఎం తయారుచేసినవాళ్లు బళ్ల వేగం మీద కాకుండా దారుల లెక్క మీద దృష్టి పెట్టారు. 64కు బదులు 1024 దారులు. అన్ని తీగలు మదర్‌బోర్డు మీద వేయడం అయ్యే పని కాదు. అందుకే మెమరీ చిప్‌లను ఒకదాని మీద ఒకటి పేర్చారు. సిలికాన్‌లో నిలువునా సన్నని రంధ్రాలు చేసి, వాటిలో రాగి నింపి, కింది చిప్ నుంచి పై చిప్ దాకా కలిపారు. ఈ దొంతరను ప్రాసెసర్ పక్కనే, రెండింటి కింద ఇంకో సిలికాన్ పలక వేసి, మిల్లీమీటర్ల దూరంలో కూర్చోబెట్టారు. దూరం తగ్గితే కరెంటు ఖర్చు తగ్గుతుంది, తీగలు ఎక్కువ పడతాయి.

పేర్చడం అంటే మనం ఇంట్లో రొట్టెలు పేర్చినట్టు కాదు. ఒక్కో చిప్‌ను వెంట్రుక కంటే సన్నగా అరగదీయాలి. 12 చిప్‌ల దొంతర అంతా కలిపినా ఒక మిల్లీమీటరు మందం ఉండదు. పన్నెండింటిలో ఒక్కటి చెడినా మొత్తం దొంతర పోయినట్టే. మధ్యలో ఉన్న చిప్‌ల వేడి బయటికి పోవడం ఇంకో సమస్య. ధర ఎక్కువ ఉండటానికి, మూడు కంపెనీలు తప్ప పెద్ద ఎత్తున ఇంకెవరూ చేయలేకపోవడానికి కారణాలు ఇవే.

మొదటి ప్రమాణం 2013లో వచ్చింది. దాని వెనుక ఉన్నవి ఏఎండీ, కొరియా కంపెనీ ఎస్‌కే హైనిక్స్. 2015లో ఏఎండీ రేడియాన్ ఆర్9 ఫ్యూరీ ఎక్స్ అనే గ్రాఫిక్స్ కార్డులో మొదటిసారి వాడారు. నాలుగు దొంతరలు, మొత్తం 4 జీబీ, సెకనుకు 512 జీబీ వేగం. గేమ్‌లు ఆడేవాళ్లకు ఆ ధర పెట్టడం దండగ అనిపించింది. 4 జీబీ చాలలేదు కూడా. ఆ మార్కెట్‌లో హెచ్‌బిఎం నిలవలేదు. టెక్నాలజీ బాగుండటం వేరు, కొనేవాడికి అది అవసరం కావడం వేరు.

అవసరం వేరే చోటి నుంచి వచ్చింది. 2016లో ఎన్‌విడియా పీ100 కార్డులో హెచ్‌బిఎం2 పెట్టింది. అది ఆటలకు కాదు, సైన్స్ లెక్కలకు, ఏఐకి. 2022 జనవరిలో హెచ్‌బిఎం3 ప్రమాణం వచ్చింది. ఒక్క దొంతర నుంచి సెకనుకు 819 జీబీ. అదే ఏడాది నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చింది. అక్కడి నుంచి ఈ మెమరీ దొరకడమే గగనమైంది. 2024లో హెచ్‌బిఎం3ఈ వచ్చింది. ఎన్‌విడియా హెచ్200లో ఆరు దొంతరలు, 141 జీబీ, సెకనుకు 4.8 టెరాబైట్లు. 2025 ఏప్రిల్‌లో ప్రకటించిన హెచ్‌బిఎం4లో దారులు 2048కి పెంచారు. ఒక్కో దొంతర వేగం సెకనుకు 2 టెరాబైట్ల దాకా వెళ్తుంది.

ఏఐకి ఇంత వేగం ఎందుకు? చిన్న లెక్క వేద్దాం. 7 వేల కోట్ల పారామీటర్లు ఉన్న ఒక భాషా మోడల్‌ను, ఒక్కోదానికి రెండు బైట్ల చొప్పున నిల్వ చేస్తే 140 జీబీ అవుతుంది. ఆ మోడల్ జవాబులో ఒక్క మాట ముక్క రాయాలంటే ఆ 140 జీబీని ఒకసారి చదవాలి. రెండు డీడీఆర్4 ర్యామ్‌లు కలిపి సెకనుకు 51.2 జీబీ ఇస్తాయనుకుంటే, ఒక్క ముక్కకు 2.7 సెకన్లు. ఒక పేరా రావాలంటే టీ పెట్టుకుని తాగి రావచ్చు. 4.8 టెరాబైట్ల వేగంతో అయితే సెకనుకు 34 ముక్కల దాకా వస్తాయి. ప్రాసెసర్ ఎంత గొప్పదైనా, మెమరీ అందించకపోతే ఖాళీగా కూర్చోవాలి. ఏఐ కంపెనీలు మెమరీ వెంట పడటానికి కారణం ఈ ఒక్క లెక్కే.

మన జేబు మీద ఎలా పడింది

ప్రపంచంలో ర్యామ్ చిప్‌లు ఎక్కువ భాగం తయారు చేసేది మూడే కంపెనీలు: కొరియాకు చెందిన శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, అమెరికాకు చెందిన మైక్రాన్. హెచ్‌బిఎం చేసేదీ ఈ ముగ్గురే. ఎప్పటి నుంచో మొదటి స్థానంలో ఉన్న శాంసంగ్‌ను హెచ్‌బిఎం బలంతోనే 2025 మొదటి త్రైమాసికంలో ఎస్‌కే హైనిక్స్ దాటేసింది.

ఇక్కడ అసలు విషయం గమనించాలి. హెచ్‌బిఎం వేరే ముడి సరుకుతో చేసేది కాదు. అదే సిలికాన్ వేఫర్, అవే ఫ్యాక్టరీలు. అన్నే బిట్లు డీడీఆర్5గా చేయడంతో పోలిస్తే హెచ్‌బిఎం3ఈగా చేయడానికి దాదాపు మూడింతల వేఫర్ పడుతుందని మైక్రాన్ స్వయంగా చెప్పింది. అంటే ఏఐ కంపెనీకి 1 జీబీ హెచ్‌బిఎం వెళ్లినప్పుడు, మనలాంటివాళ్లకు రావలసిన సుమారు 3 జీబీ మామూలు ర్యామ్ తయారు కాకుండా పోతుంది. హెచ్‌బిఎం మీద లాభం ఎక్కువ. కంపెనీ ఎటు మొగ్గుతుందో చెప్పాలా?

దీనికి తోడు 2025లో పాత డీడీఆర్4 తయారీ తగ్గించుకుంటామని పెద్ద కంపెనీలు కొనుగోలుదారులకు చెప్పాయి. దాంతో చౌకగా దొరికే పాత రకం ధర కూడా పైకెళ్లింది. అక్టోబర్‌లో ఓపెన్‌ఏఐ సంస్థ శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్‌లతో ప్రాథమిక ఒప్పందం చేసుకుంది. అందులో నెలకు 9 లక్షల వేఫర్ల దాకా అనే మాట ఉంది. ఏడాది చివరి నెలల్లో విడిగా అమ్మే ర్యామ్ ధర రెండింతలైంది, కొన్ని రకాలు అంతకంటే ఎక్కువ. డిసెంబర్ 3న మైక్రాన్ తన క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. మన దగ్గర చిన్న షాపుల్లో నమ్మకంగా దొరికే పేర్లలో క్రూషియల్ ఒకటి. అమ్మేసిన వాటి వారంటీ కొనసాగుతుందని కంపెనీ చెప్పింది కాబట్టి, ఇంట్లో క్రూషియల్ ర్యామ్ ఉన్నవాళ్లు బిల్లు పారేయొద్దు.

ఇదే సమయంలో ఇంకో దెబ్బ తగిలింది. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగింది. పాత కంప్యూటర్లు మార్చాలనుకున్నవాళ్లంతా సరిగ్గా ధరలు పెరిగిన వేళే బజారుకు వచ్చారు.

హైదరాబాద్ వాటా

గొల్లపల్లి నుంచి చూస్తే ఇదంతా ఎక్కడో దూరంగా జరుగుతున్నట్టు ఉంటుంది. అంత దూరమేమీ కాదు. మైక్రాన్ 2019లో హైదరాబాద్‌లో పెద్ద డెవలప్‌మెంట్ సెంటర్ తెరిచింది. ఆ కంపెనీ హెచ్‌బిఎం డిజైన్ పనిలో హైదరాబాద్, బెంగళూరు టీమ్‌లకు భాగం ఉంది. కంపెనీ అధిపతి సంజయ్ మెహ్రోత్రా కాన్పూర్‌లో పుట్టినవాడు, 1988లో శాన్‌డిస్క్ స్థాపించిన ముగ్గురిలో ఒకడు. హెచ్‌బిఎంకు మొదటి అడుగు వేసిన ఏఎండీకి, ఇప్పుడు ఎక్కువగా కొంటున్న ఎన్‌విడియాకు కూడా హైదరాబాద్‌లో ఆఫీసులు ఉన్నాయి.

ఫ్యాక్టరీ సంగతి వేరు. మైక్రాన్ 2023 జూన్‌లో గుజరాత్‌లోని సాణంద్‌లో ప్లాంట్ ప్రకటించింది. మొత్తం 275 కోట్ల డాలర్ల ప్రాజెక్టులో కంపెనీ పెట్టేది 82.5 కోట్ల డాలర్ల దాకా, మిగతాది కేంద్రం, గుజరాత్ ప్రభుత్వం. అక్కడ జరిగేది బయట తయారైన వేఫర్లను కోసి, పరీక్షించి, ప్యాక్ చేసే పని. చిప్ పుట్టేది అక్కడ కాదు. "మన దేశంలో మెమరీ తయారవుతోంది కాబట్టి ధర తగ్గుతుంది" అని ఎవరైనా అంటే ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

పిల్లల చదువు విషయానికొస్తే, జగిత్యాల జిల్లా నాచుపల్లిలో 2007 నుంచి జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. సిరిసిల్లలో 2021లో ఇంకొకటి వచ్చింది. మన ఇళ్లలో సీఎస్‌ఈ సీటు రాకపోతే ఏదో పోగొట్టుకున్నట్టు బాధపడతారు. మెమరీ, చిప్ డిజైన్ పనికి దగ్గరి దారి మాత్రం ఈసీఈ. వీఎల్‌ఎస్‌ఐ డిజైన్ పేరుతోనే బీటెక్ కోర్సుకు ఏఐసీటీఈ 2023లో సిలబస్ ఇచ్చింది. ఈ రంగంలో చిప్ గీసే ఉద్యోగాల కంటే, గీసినది సరిగ్గా పనిచేస్తుందో లేదో పరీక్షించే వెరిఫికేషన్ ఉద్యోగాలు ఎక్కువ. దానికి వెరిలాగ్, సిస్టమ్ వెరిలాగ్ రావాలి. ఎన్‌పీటెల్‌లో పాఠాలు ఉచితం. ఐకారస్ వెరిలాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 8 జీబీ లాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. లక్షల ఫీజు అడిగే కోచింగ్ సెంటర్‌లో చేరే ముందు ఈ రెండూ ఆరు నెలలు ప్రయత్నించి చూడటం మంచిది. ఆ పని మీద ఇష్టం ఉందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

మరి 8 జీబీయా, 16 జీబీయా

తండ్రి అడిగిన ప్రశ్నకు వద్దాం. మొదటి ఏడాది సీ, పైథాన్ నేర్చుకోవడానికి, ఆన్‌లైన్ క్లాసులకు, ప్రాజెక్టు రిపోర్టులకు 8 జీబీ సరిపోతుంది. ఆండ్రాయిడ్ స్టూడియో, వర్చువల్ మెషీన్లు, డేటా సైన్స్ మొదలుపెట్టిన రోజు అది చాలదు. అది సాధారణంగా మూడో ఏడాదికి వస్తుంది. కాబట్టి ఇప్పుడు 8 కొని తర్వాత పెంచుకోవచ్చు, ఒక షరతు మీద: లాప్‌టాప్‌లో ఖాళీ స్లాట్ ఉండాలి.

చాలామంది మోసపోయేది ఇక్కడే. సన్నగా, తేలికగా ఉండే చాలా లాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు. ఎల్‌పీడీడీఆర్5 అని రాసి ఉంటే దాదాపుగా అదే. తర్వాత పెంచడం కుదరదు. అలాంటిదైతే నాలుగేళ్ల అవసరం ముందే చూసుకుని 16 తీసుకోవాలి. షాపులో ఉన్నప్పుడే టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కితే ఎన్ని స్లాట్లు వాడారో చూపిస్తుంది. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే అతికించినదే. "సోడిమ్" అని ఉంటే ఊడదీసి మార్చుకోవచ్చు.

డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్5 పట్టదు, నొక్కినా పట్టదు, గాటు వేరే చోట ఉంటుంది. బలవంతం చేస్తే స్లాట్ విరుగుతుంది. ఒక 16 జీబీ కంటే రెండు 8 జీబీలు వేస్తే బ్యాండ్‌విడ్త్ రెండింతలవుతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్‌లలో ఆ తేడా బాగా కనిపిస్తుంది. "ఏఐ లాప్‌టాప్" అన్న స్టిక్కర్ చూసి అందులో హెచ్‌బిఎం ఉందనుకోవద్దు. మన షాపుల్లో అమ్మే ఏ లాప్‌టాప్‌లోనూ అది ఉండదు.

హెచ్‌బిఎం మీద పని నేర్చుకోవాలనుకునే విద్యార్థి దాన్ని కొననక్కరలేదు. కాగుల్ వెబ్‌సైట్ ఏళ్ల తరబడి పైన చెప్పిన పీ100 కార్డులను వారానికి కొన్ని గంటలు ఉచితంగా ఇచ్చింది. 2024లో కేంద్రం ఆమోదించిన ఇండియా ఏఐ మిషన్ కింద విద్యార్థులకు, స్టార్టప్‌లకు గంటకు 100 రూపాయల లోపు జీపీయూలు అద్దెకు ఇస్తున్నారు. ఊళ్లో నెట్ నిలకడగా ఉంటే గొల్లపల్లిలో కూర్చునే వాడుకోవచ్చు.

పాత ర్యామ్ ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కూడా బాగా అమ్ముడవుతోంది. పాడైన కంప్యూటర్ ఇంట్లో ఉంటే పాత ఇనుము కింద తూకానికి వేయకముందు అందులోని ర్యామ్ తీయించండి. కొనేవాళ్లు మాత్రం సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, ఊళ్లో కొన్నా, అక్కడే బిగించి సీపీయూ-జడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కంపెనీ పేరు, వేగం చూసుకోవాలి. స్టిక్కర్ మీద ఒకటి, లోపల ఒకటి ఉండే సరుకు ధరలు పెరిగినప్పుడే ఎక్కువగా తిరుగుతుంది.

సెలవుకు వచ్చేటప్పుడు గల్ఫ్ నుంచి లాప్‌టాప్ తెచ్చే అలవాటు మన ఇళ్లలో ఉంది. బర్ దుబాయ్ ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్డులో కొన్నా ర్యామ్ ధర ఈసారి అక్కడా పెరిగే ఉంటుంది, ఎందుకంటే చిప్‌లు వచ్చేది అవే మూడు కంపెనీల నుంచి. తేడా కొద్దిగానే ఉంటే ఇక్కడ కొనడమే మేలు. అక్కడే కొనేట్టయితే వారంటీ ఇండియాలో చెల్లుతుందని బిల్లు మీద రాయించుకోవాలి. కీబోర్డు మీద అరబిక్ అక్షరాలు కూడా ఉంటాయి, దానితో ఇబ్బంది లేదు. ప్లగ్ మాత్రం మూడు చదరపు పిన్నులది వస్తుంది, అడాప్టర్ అక్కడే అడిగి తెచ్చుకోండి.